విసరిన రాతి దారి

మామిడితోపులో కొమ్మ చివరనున్న కాయకు గుఱిపెట్టి రాయి విసరు బాలునకు గణితము తెలియదు. ఐనను చేతికి తెలిసినట్లే యుండును. ఎంత వాలుగా విసరవలెనో, ఎంత బలము పెట్టవలెనో వాడు లోలోపల లెక్కవేసికొనును. రాయి పైకి పోవును, ఒక యెత్తున వంగును, క్రిందికి వచ్చును. జొన్నచేనిలో మంచెపై నిలిచి వడిసెల త్రిప్పు కాపునకును, వింట బాణము సంధించు విలుకానికిని, కోటగోడపై ఫిరంగి పేల్చు సైనికునకును ఈ విద్య తరతరములుగా చేతివాటముననే అబ్బినది. కాని ఆ రాయి గాలిలో గీచిపోవు గీత యెట్టిది? దాని వంపునకు నియమ మేదైన కలదా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము పదునేడవ శతాబ్ది ఆరంభమువఱకు ఎవరికిని దొరకలేదు.

ఆ గీతను చదివి చెప్పినవాడు ఇటలీ దేశస్థుడైన గెలీలియో గెలీలీ. నేడు ఉన్నతపాఠశాల విద్యార్థి దానిని ఒక గంట పాఠములో నేర్చుకొనుచున్నాడు. గెలీలియోకు అది దొరకునప్పటికి ఆయన వయస్సు సుమారు 44 ఏండ్లు. గ్రంథరూపమున వెలువడునప్పటికి 74. నడుమ ముప్పది యేండ్లు ఆ గీత కాగితములలో మడతపడి యుండెను. లోకము ఆయనను దూరదర్శినితో ఆకాశమును చూచినవానిగను, మతాధికారుల యెదుట మోకరిల్లిన వృద్ధునిగను ఎఱుగును. ఆయన మాత్రము తాను రచించినవానిలో చలనశాస్త్రమును గూర్చిన గ్రంథమే తక్కినవానికంటె మిన్నయని యెంచెను. ఆ గ్రంథము పుట్టిన కథయే ఒక విధముగా ఆయన జీవితకథ.

గెలీలియో 1564వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన పీసా నగరమున జన్మించెను. తండ్రి విన్చెంజియో గెలీలీ ల్యూటు అను తంత్రీవాద్యమును వాయించుటలో దిట్ట, సంగీతశాస్త్రమున గ్రంథకర్త. తంత్రికి వ్రేలాడగట్టిన బరువును రెట్టింపు చేసినచో స్వరము ఒక స్థాయి పైకి పోవునని పైథాగొరసు పేరిట పెద్దలు చెప్పుచు వచ్చిరి. విన్చెంజియో నిజముగా తంత్రులకు బరువులు కట్టి చూచెను. రెట్టింపు చాలదు, నాలుగు రెట్లు కావలయునని తేలెను. రెండు అను సంఖ్య యుండవలసిన చోట దాని వర్గము వచ్చి నిలిచినది. పెద్దలు చెప్పిరి గనుక నమ్మక, కొలిచి చూడవలెనను బుద్ధి ఆ యింట కొడుకునకు దక్కిన ఆస్తి. ధనరూపమైన ఆస్తి అంతగా లేదు.

తండ్రి కోరికమీద గెలీలియో 1581లో పీసా విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకై చేరెను. కాని మనసు దానిపై నిలువలేదు. ఓస్టీలియో రిచ్చి యను గణితజ్ఞుడు యూక్లిడు రేఖాగణితమును బోధించుచుండగా విన్న నాటినుండి ఆయనకు వైద్యగ్రంథములు చేదయ్యెను. ఆర్కిమిడీసు గురువయ్యెను. 1585లో పట్టము పుచ్చుకొనకయే విశ్వవిద్యాలయమును విడిచెను. నాలుగేండ్లపాటు అక్కడక్కడ పాఠములు చెప్పుకొని, 1589లో ఆ విశ్వవిద్యాలయముననే గణితోపన్యాసకుడుగా ప్రవేశించెను. జీతము ఏటికి 60 స్కుడోలు. పీసాలోని ఒఱగిన గోపురముపైనుండి రెండు గుండ్లను జాఱవిడిచి, అవి ఒక్కసారిగా నేల తాకుట నెల్లరకు చూపెనను ప్రసిద్ధమైన కథ ఈ కాలమునకే చెందును. దానిని చాల యేండ్ల తరువాత శిష్యుడైన వివియాని వ్రాసెను; చరిత్రకారులు దానిని నిశ్చయముగా అంగీకరింపరు. నిజమునకు ఆ దినములలో గెలీలియో చలనమును గూర్చి వ్రాసికొని అచ్చువేయక విడిచిన గ్రంథమున సత్యముతోపాటు పొరపాట్లును కలసియున్నవి. ఆయనయు వెదకుచునే యుండెను.

ఆయనకు ముందటివారి భావములు ఎట్టివో తెలిసిననే ఆ వెదకులాటయొక్క కష్టము తెలియును. అరిస్టాటిలు మతమున బరువైన వస్తువు క్రిందికి పడుట దానికి సహజము. పైకి గాని ప్రక్కకు గాని పోవుట బలాత్కారము. త్రోయువాడు లేనిదే వస్తువు కదలదు. మఱి చేయి విడిచిన రాయిని త్రోయున దెవరు? చుట్టునున్న గాలియే యని ఆ మహాపండితుడు నిర్ణయించెను. తరువాతివారు కొందఱు ఈ మాటను ఒప్పక, చేయి రాతిలో కొంత శక్తిని నిక్షేపించుననియు, ఆ శక్తి అడుగంటగానే రాయి పడిపోవుననియు చెప్పిరి. ఫిరంగులు వచ్చిన పిమ్మట ఇది పండితుల వాదముగా మాత్రమే మిగులలేదు. గుండు ఎక్కడ పడునో తెలియుటపై కోటలును రాజ్యములును ఆధారపడియుండెను.

ఫిరంగివిద్యను గణితమునకు లోబఱుప మొదట సాహసించినవారిలో నికొలో తార్తాలియా ముఖ్యుడు. 1512లో ఫ్రెంచిసేనలు బ్రెషియా నగరమును దోచుకొనినప్పుడు బాలుడైన ఆతని దవడకు కత్తిగాయములు తగిలి మాట నత్తివడెను. నత్తివాడను అర్థమిచ్చు తార్తాలియా పదమే ఆతనికి పేరైనది. 1537లో వెనిసునందు వెలువడిన గ్రంథమున ఆతడు గుండు నడకను మూడు భాగములుగా చెప్పెను: మొదట సూటి గీత, నడుమ వృత్తములోని ముక్క, చివర నిట్టనిలువుగా పతనము. 1546లో మఱియొక గ్రంథమున ఆ మార్గమున పూర్తిగా సూటియైన భాగ మేదియు లేదని గ్రహించెను. నేలకు 45 అంశల వాలున పేల్చిన గుండు అన్నిటికంటె దూరము పోవునని కనుగొనిన ఖ్యాతియు ఆతనిదే. కాని ఏల పోవునో, ఆ వంపు ఏ జాతిదో చెప్పజాలకపోయెను.

గెలీలియోకు పీసాలోను, పిదప పాడువాలోను ఉద్యోగము లభించుటకు తోడ్పడిన గ్విడోబాల్డో దెల్ మోంతె యను ప్రభువు స్వయముగా గణితజ్ఞుడు. ఆయన చిట్టాలో ఒక చిన్న ప్రయోగము వ్రాసియున్నది. వాలుగా నిలిపిన పలకపై సిరాలో తడిపిన గుండును అడ్డముగా, కొంచెము పైకి విసరవలెను. గుండు పైకెక్కి, వంగి, దిగును. దిగుచు తన దారిని తానే సిరాతో గీచిపోవును. ఆ గీతను చూడగా ఎక్కినవైపు ఎట్లున్నదో దిగినవైపును అట్లే యున్నది. రెండు మేకులకు వ్రేలాడదీసిన గొలుసును తలక్రిందు చేసినట్లున్నది. గెలీలియో తన చివరి గ్రంథమున ఇదే యుపాయమును వర్ణించెను. చూచుటకు పిల్లల ఆటవంటి ఈ పని పాత సిద్ధాంతములకు గొడ్డలిపెట్టు. ఎక్కునప్పుడు బలాత్కారము, దిగునప్పుడు సహజము అన్నచో రెండువైపుల గీత అద్దములో నీడవలె ఒక్కటిగా ఏల యుండును? రెండు కారణములును ఆద్యంతము కలసి పనిచేయుచుండవలెను.

1592లో గెలీలియో వెనిసు గణరాజ్యమునకు చెందిన పాడువా విశ్వవిద్యాలయమునకు పోయెను. జీతము ఏటికి 180 ఫ్లోరిను లయ్యెను. కాని క్రిందటి యేడే తండ్రి మరణించుటచే పెద్దకొడుకైన ఆయనపై కుటుంబభారమంతయు పడినది. చెల్లెండ్ర కట్నములకు అప్పుపడెను. సంగీతము నమ్ముకొనిన తమ్ముడు తన వంతు చెల్లింపజాలకపోయెను. మరీనా గంబా యను స్త్రీవలన ఆయనకు వర్జీనియా, లివియా యను ఇద్దఱు కుమార్తెలును, విన్చెంజియో యను కుమారుడును కలిగిరి. విద్యార్థులను ఇంట ఉంచుకొని భోజనము పెట్టి, కోటల నిర్మాణమును, యుద్ధోపయోగియైన గణితమును చెప్పెను. 1597లో సైనికులకును లెక్కలవారికిని పనికివచ్చు ఒక గణితయంత్రమును కూర్చి, మార్క్ ఆంటోనియో మజ్జొలేని యను పనివానిని ఇంటనే నిలుపుకొని, చేయించి అమ్మెను. పగలెల్ల ఈ బాధలు. వాని సందున మిగిలిన వేళలో చలనవిచారము. ఐనను పాడువాలోని ఆ 18 ఏండ్లే తన జీవితమున సుఖమైన కాలమని ఆయన వృద్ధాప్యమున తలచుకొనెను.

రాయి నడకను తెలిసికొనవలెనన్న ముందు రాయి పతనమును తెలిసికొనవలెను. నిట్టనిలువుగా పడు రాయి కన్ను మూసి తెఱచునంతలో నేల తాకును. దాని వేగమును కొలుచు గడియారములు ఆనాడు లేవు. అందుచే గెలీలియో పతనమును నెమ్మదింపజేసెను. 12 మూరల పొడవుగల కొయ్యదూలమున వ్రేలెడు గాడి తీయించి, దానిని నునుపుచేసి, మెఱుగుపెట్టిన తోలుపత్రమును అందులో అంటించి, దూలమును కొంచెము వాలుగా నిలిపి కంచుగుండును దొర్లించెను. కాలమును కొలుచుటకు పెద్ద నీటిపాత్ర అడుగున సన్నని గొట్టమును అమర్చి, గుండు దొర్లుచున్నంతసేపు కాఱిన నీటిని త్రాసున తూచెను. మాఱుమాఱు చేయగా ఒకే నియమము కానవచ్చెను. కాలము రెట్టింపైనచో గుండు పోయిన దూరము నాలుగు రెట్లు. కాలము మూడు రెట్లైనచో దూరము తొమ్మిది రెట్లు. తండ్రి తంత్రులలో కనుగొనిన వర్గము కుమారునకు పతనములో కనబడెను.

1604 అక్టోబరులో ఈ నియమమును ఆయన వెనిసులోని మిత్రుడు పావొలో సార్పికి లేఖలో తెలియజేసెను. కాని కారణము చెప్పుటలో తడబడెను. పడు వస్తువు వేగము అది పడిన దూరముతో సమానముగా పెరుగునని తలచెను. అది తప్పు, వేగము పెరుగునది కాలముతోడనే. ఆ పొరపాటును తానే కనిపెట్టి తానే దిద్దుకొనుటకు ఆయనకు మఱికొన్ని యేండ్లు పట్టెను. నేటి పాఠ్యగ్రంథమున ఒక్క పంక్తిలో ఇమిడిపోయిన సూత్రము వెనుక ఇట్టి తడబాటు లెన్నియో దాగియున్నవి.

1608 ప్రాంతమున ఆయన ఒక కాగితముపై కొన్ని సంఖ్యలను వ్రాసికొనెను. బల్లపై వాలుపలక నుంచి, గుండును వేఱువేఱు ఎత్తులనుండి దొర్లించి, బల్ల చివర అది నేలకు సమాంతరముగా గాలిలోనికి దూకునట్లు చేసెను. దూకిన గుండు బల్ల అంచునుండి ఎంత దూరమున నేల తాకునో కొలిచెను. కొలత పుంటోలలో వ్రాసెను. ఒక పుంటో మిల్లీమీటరుకంటె కొంచెము తక్కువ. బల్ల ఎత్తు 828 పుంటోలు. 300 పుంటోల ఎత్తునుండి దొర్లిన గుండు 800 పుంటోల దూరమున పడెను. 600 ఎత్తునుండి దొర్లినప్పుడు 1172. 800 నుండి 1328. 1000 నుండి 1500.

ఈ సంఖ్యలలో ఆయన వెదకినది ఇది. బల్ల అంచును దాటిన గుండును ప్రక్కకు త్రోయువారు లేరు, ఆపువారును లేరు. అందుచే అది బల్లపై సంపాదించిన వేగముననే ప్రక్కకు సాగిపోవలెను. అదే సమయమున క్రిందికి లాగు బరువు తన పని తాను చేయుచుండును. ఒకదాని పనికి రెండవది అడ్డురాదు. బల్ల ఎత్తు మాఱదు గనుక గుండు నేల తాకుటకు పట్టు కాలము ఎప్పుడును ఒక్కటే. కావున అది పోవు దూరము దాని వేగము ననుసరించును. వేగము దొర్లిన ఎత్తుయొక్క వర్గమూలము ననుసరించును. ఎత్తు రెట్టింపైనచో దూరము రెట్టింపు కాదు, ఒకటిన్నరకు కొంచెము తక్కువ. ఆ లెక్కన రావలసిన సంఖ్యలను ఆయన ప్రక్కనే వేసికొనెను: 1131, 1306, 1460. కొలిచినవానికిని లెక్కించినవానికిని భేదము 41, 22, 40 పుంటోలు మాత్రమే. ఆ భేదములనుగూడ కప్పిపుచ్చక కాగితముపై వ్రాసికొనెను.

దీనితో గీత రూపము తేలిపోయినది. రాయి ప్రక్కకు సమానకాలములలో సమానదూరములు పోవును. క్రిందికి మాత్రము కాలముయొక్క వర్గము చొప్పున పడును. మీటర్లలో చెప్పినచో మొదటి సెకను చివరకు సుమారు 5, రెండవ సెకను చివరకు 20, మూడవదాని చివరకు 45. ఈ రెండు కొలతలను అడ్డముగను నిలువుగను గుర్తించి చుక్కలు కలిపినచో వచ్చు వక్రము కొత్తది కాదు. ఆర్కిమిడీసు దాని వైశాల్యమును లెక్కించెను. అపొలోనియసు శంకువును వాలుగా ఖండించి దాని ధర్మములను వివరించెను. అదియే పరావలయము. పదునెనిమిది శతాబ్దులపాటు కాగితముపై కేవల గణితసౌందర్యముగానున్న ఆ వక్రమును లోకమున ప్రతి బాలుడును రాయి విసరినప్పుడెల్ల గాలిలో గీచుచునే యుండెనని గెలీలియో గ్రహించెను.

1609 ఫిబ్రవరిలో అంతోనియో దెయ్ మెడిచి ప్రభువునకు వ్రాసిన లేఖలో ఈ పరిశోధన ఫలములు కొన్నిటిని ముచ్చటించెను. ఎన్ని వాలులతో పేల్చినను, ఒకే ఎత్తునకు ఎగసిన గుండ్లన్నియు గాలిలో ఒకే కాలము నిలుచునని అందు తెలిపెను. గ్రంథము వ్రాయుటయే తరువాయి. కాని ఆ వేసవిలోనే, దూరపువస్తువులను దగ్గఱగా చూపు గాజుగొట్టము నొకదానిని ఉత్తరదేశమున ఎవరో చేసిరను వార్త వెనిసునకు వచ్చెను. గెలీలియో దానిని తానును చేసెను, మెఱుగుపఱచెను, ఆకాశమువంక త్రిప్పెను. 1610 జనవరిలో బృహస్పతి చుట్టు తిరుగు ఉపగ్రహములు కనబడెను. మార్చిలో ఆ వార్త గ్రంథరూపమున వెలువడి యూరపు ఖండము నంతయు కలచివైచెను. ఆయన ఫ్లారెన్సు ప్రభువునొద్ద ఆస్థానగణితజ్ఞుడుగను, తత్త్వవేత్తగను కుదిరెను. ఉద్యోగము కుదుర్చుకొనుచు, తాను వ్రాయనున్న గ్రంథముల పట్టికలో చలనమును గూర్చిన మూడు భాగములను పేర్కొనెను. కాని నక్షత్రములు రాతిని మఱపించెను. కాగితములు పెట్టెలోనే యుండిపోయెను.

తరువాతి కథ లోకవిదితము. భూమి సూర్యునిచుట్టు తిరుగుననెడి కోపర్నికసు మతమును సమర్థింపరాదని 1616లో ఆయనకు హెచ్చరిక వచ్చెను. 1632లో అచ్చైన సంభాషణగ్రంథమున ఆ మతమే బలముగా వినిపించినందున రోము ఆగ్రహించెను. ఆ యేటి శరదృతువున విచారణకు రమ్మను ఉత్తరువు ఇంకను చేరకముందే, మఱియొక దిక్కునుండి ఆయన కొక దెబ్బ తగిలెను.

బొలోనా నగరమున గణితాచార్యుడైన కవలియేరి గెలీలియోకు శిష్యప్రాయుడు. ఆ పదవి యాతనికి లభించుటకు గెలీలియో సాయపడియుండెను. 1632లో కవలియేరి కాల్చు అద్దములను గూర్చి యొక గ్రంథము ప్రకటించుచు, అందులో విసరిన వస్తువు మార్గము పరావలయమని వ్రాసెను. సంగతి తెలిసిన గెలీలియో సెప్టెంబరులో మార్సిలి యను మిత్రునకు మిక్కిలి బాధతో లేఖ వ్రాసెను. నలువది యేండ్ల శ్రమకు కొనపండువంటి ఫలమును ఇతరుడు కోసికొనిపోయెనని ఆయన దుఃఖము. మొదట చలనవిచారమున తన్ను దింపినదే ఆ మార్గమును తెలిసికొనవలెనను కోరికయని ఆయన చెప్పుకొనెను. కవలియేరి వెంటనే వినయముతో బదులు వ్రాసెను: తాను ఆయన శిష్యుడనని గ్రంథముననే చెప్పియుంటిననియు, ఈ విషయము గెలీలియోదని ఎల్లరకు తెలిసినదేయని తలచితిననియు విన్నవించెను. వృద్ధుని కోపము చల్లారెను. తరువాత తన చివరి గ్రంథమున కవలియేరి పేరును, ఆ అద్దముల గ్రంథమును గౌరవముతో స్మరించెను. కాని ఆ లేఖతో ఒక సత్యము ఆయనకు తేటపడియుండవలెను. పెట్టెలో దాచిన విద్య తనతోనే పోవును, లేదా ఇతరుల దగును.

1633 జూను 22వ తేదీన, 69 ఏండ్ల వయసున, రోము నగరములోని ఒక మఠమున మతవిచారణాధికారుల యెదుట మోకరిల్లి, భూమి తిరుగుచున్నదను మాట తప్పని గెలీలియో చదివి వినిపింపవలసివచ్చెను. శిక్ష జీవితాంతము నిర్బంధము. మొదట సియెనా నగరమున పిక్కొలోమిని యను ధర్మాధ్యక్షుడు ఆయనను ఖైదీగా గాక అతిథిగా ఆదరించెను. క్రుంగిపోయిన మనసును తిరిగి శాస్త్రమువంక త్రిప్పినది ఆ యిల్లే. ఆ సంవత్సరాంతమున ఫ్లారెన్సు సమీపమునందలి ఆర్చెట్రిలోని స్వగృహమునకు చేరుటకు అనుమతి లభించెను. గడప దాటరాదు, అనుమతి లేక ఎవరినిబడితే వారిని చూడరాదు.

ఆర్చెట్రికి రాగోరుటకు ముఖ్యకారణము పెద్దకుమార్తె. వర్జీనియా చిన్ననాటనే అక్కడి కన్యామఠమున చేరి మరియా చెలెస్టె యను సన్న్యాసనామమును స్వీకరించినది. తండ్రి చొక్కాలు కుట్టినది; లేఖలకు శుద్ధప్రతులు వ్రాసినది; శిక్షలో భాగముగా ఆయన వారమువారము చదువవలసిన ప్రార్థనాగీతములను తాను చదివెదనని ఆ భారమును తలకెత్తుకొన్నది. తండ్రి ఇల్లు చేరిన నాలుగు నెలలకే, 1634 ఏప్రిలు 2వ తేదీన, 33 ఏండ్ల ప్రాయమున ఆమె మరణించెను. ఆమె తండ్రికి వ్రాసిన లేఖలు 124 నేటికిని నిలిచియున్నవి. కొంతకాలము గెలీలియోకు ఏ పనియందును మనసు చేరలేదు. ఆమె తన్ను పిలుచుచున్నట్లు తోచుచుండెడిది.

ఆ దుఃఖమునుండి లేచి ఆయన పెట్టెలోని పాత కాగితములను తెఱచెను. పాడువానాటి లెక్కలను సరిచూచుకొని రెండు నూతనశాస్త్రములను గూర్చిన గ్రంథమును పూర్తిచేయ బూనెను. మొదటి శాస్త్రము వస్తువుల దారుఢ్యమును గూర్చినది. రెండవది చలనమును గూర్చినది. గ్రంథము నాలుగు దినముల సంభాషణ. మాటలాడువారు ముగ్గురు, అందు సాల్వియాతి, సగ్రేడో యనువారు అప్పటికే మరణించిన ప్రాణమిత్రులు. ఒంటరియైన వృద్ధుడు పోయిన స్నేహితులను కాగితముపై బ్రదికించుకొని వారిచేతనే శాస్త్రము చెప్పించెను.

వ్రాయుట ఒక యెత్తు. అచ్చువేయించుట మఱియొక యెత్తు. వెనిసులో మికాన్జియో యను సన్న్యాసిమిత్రుడు ప్రయత్నింపగా, గెలీలియో వ్రాసినవి, వ్రాయబోవునవి ఏవియు అచ్చుకు అనుమతింపరాదని రోమునుండి ఆజ్ఞ యున్నట్లు తెలిసెను. 1636లో హాలెండు దేశమునుండి ఎల్జెవిర్ అను ముద్రాపకుడు ఆర్చెట్రికి వచ్చి గ్రంథమును చేపట్టెను. వ్రాతప్రతి భాగములు భాగములుగా దేశముదాటెను. పాడువాలో ఒకప్పటి శిష్యుడును, ఫ్రాన్సు రాయబారియు అగు నోయ్ ప్రభువునకు గ్రంథమును అంకితమొనర్చి, తన ప్రమేయము లేకయే ప్రతి ముద్రాపకుని చేతబడినట్లు పీఠికలో పలికెను. అసత్యమే, కాని అపకారము లేని అసత్యము. 1638లో లైడెను నగరమున గ్రంథము వెలువడెను.

నాలుగవ దినపు సంభాషణ అంతయు విసరిన వస్తువును గూర్చినదే. ఫిరంగివారు అనుభవమున ఎఱిగిన 45 అంశల రహస్యమునకు అందు కారణము దొరకును. వాలు తక్కువైనచో ప్రక్కకు వేగము హెచ్చు, కాని గాలిలో నిలుచు కాలము తక్కువ. వాలు హెచ్చైనచో కాలము హెచ్చు, ప్రక్కవేగము తక్కువ. రెండును సరిగా తూగునది 45 వద్దనే. అంతేకాదు, 45కు ఎంత పైన పేల్చిన గుండు ఎక్కడ పడునో, అంతే క్రింద పేల్చిన గుండును అక్కడనే పడును. 50 అంశలకును 40 అంశలకును దూరము ఒక్కటే. ఏ ఫిరంగివానికిని కంటబడని ఈ సత్యము కాగితముపై లెక్కలోనుండి పుట్టినది. కారణము తెలిసినవాడు చూడనిదానిని గూడ చూడగలడనుటకు ఇంతకు మించిన నిదర్శన మేమి కావలెను? ఐనను గెలీలియో తన సిద్ధాంతముయొక్క ఎల్లలను దాచలేదు. గాలి అడ్డగించుననియు, మహావేగముగల ఫిరంగిగుండునకు ఆ అడ్డు మిక్కుటమనియు, తన పట్టికలు మందవేగమున ఎగయు గుండ్లకే చక్కగా సరిపోవుననియు స్పష్టముగా చెప్పెను.

గ్రంథము అచ్చగుచుండగనే ఆయన కన్నులు ఆఱిపోయినవి. 1637 వేసవిలో ఒక కన్ను, ఆ సంవత్సరాంతమునకు రెండవది చూపు కోల్పోయెను. చంద్రునిపై కొండలను, బృహస్పతి ఉపగ్రహములను మానవజాతికి చూపిన కన్నులవి. ముద్రితప్రతి ఇంటికి చేరినప్పుడు ఆయన దానిని చేతులతో తడిమి చూడవలసినదేగాని, తాను గీచిన పరావలయములను కంట చూడలేకపోయెను. 1639లో 17 ఏండ్ల వివియాని వచ్చి తోడుగా నిలిచెను. 1641లో టోరిచెల్లి వచ్చి కలిసెను. అంధుడైన గురువు చెప్పుచుండ శిష్యులు వ్రాసిరి. 1642 జనవరి 8వ తేదీ రాత్రి గెలీలియో కన్నుమూసెను. ఫ్లారెన్సు ప్రభువు ఘనమైన సమాధిని నిర్మింపదలచెను గాని రోము సమ్మతింపలేదు. శాంతాక్రోచె దేవాలయమున గంటగోపురము క్రింది చిన్నగదిలో దేహమును దాచిరి. 95 ఏండ్లకు, 1737లో, అస్థికలను ఆ దేవాలయములోని నేటి సమాధికి మార్చిరి. విచారణలో తప్పు జరిగినదని 1992లో పోపు రెండవ జాన్ పాల్ అంగీకరించెను.

రాతి దారి మాత్రము ఎవరి అనుమతికిని నిలిచియుండలేదు. టోరిచెల్లి 1644లో దానిని విస్తరించెను. 1687లో న్యూటను తన మహాగ్రంథమున, విసరిన వస్తువు పరావలయమున పోవునని కనుగొనినవాడు గెలీలియో యని పేర్కొని, ఆ పునాదిపైననే భూమికిని చంద్రునకును ఒకే నియమమును కట్టెను. గెలీలియో హెచ్చరించిన గాలి అడ్డును 1742లో ఇంగ్లండునందు బెంజమిన్ రాబిన్సు కొలిచి, పరావలయపు లెక్కన 17 మైళ్లు పోవలసిన తుపాకిగుండు నిజమునకు ఒక మైలుకూడ పోదని తేల్చెను. సిద్ధాంతము తప్పలేదు, గెలీలియో గీచిన ఎల్ల యెంత నిజమో తెలిసినది. 1971లో గాలియే లేని చంద్రునిపై నిలిచి డేవిడ్ స్కాట్ అను వ్యోమగామి సుత్తిని, ఈకను ఒక్కసారి విడువగా రెండును ఒక్కసారియే నేల తాకెను.

1608 ప్రాంతపు ఆ సంఖ్యల కాగితము ఫ్లారెన్సు జాతీయగ్రంథాలయమున భద్రముగా నున్నది. మూడువందల యేండ్లకు పైగా దాని విలువ ఎవరికిని తెలియలేదు. 1973లో స్టిల్‌మన్ డ్రేక్ అను చరిత్రకారుడు దానిని లోకమునకు విప్పిచెప్పెను. ఆ కాగితముపై నిలిచియున్నవి కొన్ని అంకెలు, ఒక బొమ్మ, లెక్కకు కొలతకు నడుమ మిగిలిన చిన్న తేడాలు. తనకు ప్రతికూలముగా వచ్చిన 41ని, 22ని, 40ని దిద్దివేయక ఉన్నవి ఉన్నట్లు వ్రాసిన చేతి యజమానుడే, పాతికయేండ్ల తరువాత తాను నమ్మని మాటను పదుగురి యెదుట మోకరిల్లి పలుకవలసివచ్చెను. అధికారము ఆయన నాలుకచేత అసత్యము పలికింపగలిగెను. ఆ కాగితముచేత మాత్రము పలికింపలేకపోయెను.